బాలింత భోజనము చేసినదా?

ఆసుపత్రి నుండి పసిబిడ్డతో ఇంటికి వచ్చిన ఇల్లాలిని చూచుటకు బంధువులు వత్తురు. బిడ్డ ఎవరి పోలిక, బరువెంత, పాలు త్రాగుచున్నదా, రాత్రి నిద్రపోవుచున్నదా అని అడుగుదురు. తెచ్చిన చొక్కాయిని, గిలకను ఉయ్యాల ప్రక్కన పెట్టుదురు. ఆమె మంచముమీద ఒక ప్రక్కకు ఒరిగి కూర్చుండి ప్రతి ప్రశ్నకును చిరునవ్వుతో బదులు చెప్పును. మధ్యాహ్నము మూడు గంటలైనను ఆమె ఇంకను అన్నము తినలేదన్న సంగతి వచ్చినవారిలో ఎవరికిని స్ఫురింపదు.

ఇది ఏ ఒక్క యింటి ముచ్చటయు కాదు. కడుపుతో నున్నంతకాలము అడుగడుగునకు జాగ్రత్తలు చెప్పించుకొన్న స్త్రీ, ప్రసవమైన గడియ నుండి పాలిచ్చు తల్లిగా, జోలపాడు తల్లిగా మాత్రమే అందరికి కనబడును. ఆమెయు గొప్ప శ్రమ నుండి లేచిన మనిషియని, ఆమె శరీరమున మానవలసిన గాయము ఇంకను కలదని మరచుట సులభము. కాని గర్భధారణకు, ప్రసవమునకు సంబంధించిన తల్లుల మరణములలో అధికభాగము బిడ్డ భూమిమీద పడిన తరువాతనే, అందును మొదటి కొలది దినములలోనే సంభవించుచున్నవి. కనుక బిడ్డ బరువును విచారించినవారు తల్లి భోజనమును కూడ విచారించుట మర్యాదకొరకు మాత్రమే కాదు.

పుదుచ్చేరి పట్టణమున నివసించు తెలుగు కుటుంబములకు ఈ విషయమున మరియొక చిక్కు కలదు. పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాం అను నాలుగు ఖండముల కేంద్రపాలిత ప్రాంతమునకు రాజధాని ఈ పట్టణమే. వానిలో తెలుగు ఖండమైన యానాం గోదావరి తీరమున, ఇచ్చటికి 800 కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. ఉద్యోగమునకో, చదువునకో, వ్యాపారమునకో అచ్చటి నుండి వచ్చి లాస్‌పేటలోనో ముదలియార్‌పేటలోనో కాపురమున్నవారికి, తొలి కానుపు పుట్టింట జరుగవలెనను ఆచారమును పాటించుట అన్నివేళల సాధ్యము కాదు. అప్పుడు పుట్టిల్లే రైలెక్కి కూతురు వద్దకు వచ్చును. తల్లి తన సంచిలో శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, బెల్లము, నేయి కలిపి దంచిన కాయము డబ్బాను భద్రముగా తెచ్చును. ప్రక్కింటి తమిళ వృద్ధురాలు పత్తియము పేరు చెప్పి వెల్లుల్లి పులుసు గిన్నెతో వచ్చును. ఒకరు పెట్టుమన్నది మరియొకరు వలదందురు. ఊరినుండి అత్తగారు టెలిఫోనులో మూడవ మాట చెప్పుదురు. ఈ ముగ్గురి ప్రేమ నడుమ బాలింత ఆకలితో కూర్చుండును.

ఆసుపత్రులకు మాత్రము ఈ పట్టణమున కొదువ లేదు. 1823లో ఫ్రెంచివారు ఇచ్చట నెలకొల్పిన వైద్య పాఠశాల, వారి పాలన తొలగిన పిమ్మట 1956లో ధన్వంతరి వైద్య కళాశాలయై, 1964లో జవహర్‌లాల్ వైద్య విద్యా పరిశోధన సంస్థగా మారినది. జనులు దానిని జిప్మర్ అందురు. స్త్రీలకు, శిశువులకు ప్రత్యేకించిన రాజీవ్‌గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి ఎల్లైపిళ్లైచావడిలో నున్నది. ఈ ప్రాంతమున ఇంటిలో ప్రసవమగుట నేడు మిక్కిలి అరుదు. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ననుసరించి ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవము, శస్త్రచికిత్స, మందులు ఉచితము. సహజ ప్రసవమైన 3 దినములు, శస్త్రచికిత్స యైన 7 దినములు తల్లికి భోజనము కూడ ఉచితము. కావున ఆసుపత్రిలో నున్నంతవరకు ఆమె వేళకు తినును. చిక్కంతయు ఇంటి గడప దాటి లోపలికి వచ్చిన తరువాతనే.

ప్రసవమైన వెంటనే సుమారు ఒక కిలోగ్రాము బరువుండు గర్భాశయము, ఆరు వారములలో నూరు గ్రాములకు లోబడి ముడుచుకొనిపోవును. బిడ్డ పాలు త్రాగునపుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్లుండు నొప్పి ఈ ముడుచుకొనుటవలన కలుగునదే, దానికి భయపడనక్కరలేదు. మాయ అంటియుండిన చోటు మానువరకు మైల పోవుచుండును. మొదట ఎఱ్ఱగాను, తరువాత గోధుమ వన్నెగాను, పిదప తెలుపుగాను మారి వారములలో ఆగిపోవును. పోయిన రక్తమును తిరిగి పొందవలెను, చిరిగినదో కోసినదో అతుకుకొనవలెను, వీనితోపాటు మరియొక ప్రాణికి ఆహారము తయారు కావలెను. ఇంత పని ఒకేసారి జరుగుచున్న శరీరమునకు విశ్రాంతి కావలెనని మన పెద్దలకు తెలియును. 40 దినముల నియమము దానినుండి పుట్టినదే. చీనా దేశమున నెలదినములు బాలింతను ఇల్లు కదలనీయరు. మెక్సికోలో ఈ కాలమునకు పేరే నలువది దినములని. సముద్రములకు ఆవలనున్న జనులు కూడ ఇదే లెక్కకు వచ్చుట చూడగా, ఆచారము యొక్క వేరు గట్టిదే యని తోచును.

వేరు గట్టిదైనను కొమ్మలన్నియు మంచివి కావు. వానిలో మిక్కిలి చెడ్డది, పథ్యము పేరిట పెట్టు అర్ధాకలి. పప్పు వాతము, ఆకుకూర అజీర్ణము, పెరుగు జలుబు, పండు చలువ అని ఒక్కొక్కటిగా తీసివేసిన తరువాత విస్తరిలో మిగులునది తెల్లని అన్నము, వెల్లుల్లి కారము, ఎండు చారు. ఇట్టి విస్తరి ఏమి చేయగలదో తెలుగుదేశము ఒకప్పుడు మిక్కిలి కఠినముగా నేర్చుకొన్నది.

ఉత్తర సర్కారులని పిలువబడిన కోస్తా తెలుగు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి గత శతాబ్ది ప్రథమార్ధమున స్థిరనివాస మేర్పరచుకొనియుండెను. 1918లో రాబర్ట్ మెక్కారిసన్ కూనూరులో ఒక గదిలో ఆరంభించిన బెరిబెరి పరిశోధనయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. 1935 నుండి 1945 వరకు కూనూరు పరిశోధనాలయమునకు అధ్యక్షుడైన ఎయిక్రాయిడ్ ఈ జిల్లాలలోని శిశు మరణములను పరిశీలించెను. పాలు త్రాగుచు బొద్దుగా కనబడు రెండు మూడు నెలల బిడ్డ, ఉన్నట్టుండి గొంతు రాసి, ఏడ్చినను శబ్దము వెలువడక, ఎగశ్వాసతో కొన్ని గంటలలో మరణించెడిది. దృష్టి తగిలినదని, గాలి సోకినదని ఇంటివారు దుఃఖించెడివారు. అసలు కారణము తల్లి విస్తరిలో నుండెను. మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యమును పలుమారులు కడిగి, గంజి వార్చి, ఆ యన్నమునే పథ్యముగా తినుచున్న తల్లి దేహమున థయమిన్ అను బి1 విటమిను తరిగిపోవును. ఆమె పాలలోను అది ఉండదు. తల్లికి కాళ్ల తిమ్మిరి మాత్రమే. ప్రాణము పోవునది బిడ్డకు.

ఇందులో పుదుచ్చేరివారికి ఆసక్తి కలిగించు సంగతి యొకటి కలదు. వరిధాన్యమును నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి దంచిన ఉప్పుడు బియ్యమును తిను తమిళ జిల్లాలలో ఈ వ్యాధి దాదాపు కనబడలేదు. ఉడికించునపుడు తవుడులోని విటమిను గింజ లోపలికి ఇంకి, మరపట్టినను పోక నిలుచును. తెలుగు ఇల్లాండ్రు ఈ పట్టణమునకు వచ్చిన క్రొత్తలో లావుగా నున్నదని, వాసనయని ఉప్పుడు బియ్యమును ఈసడింతురు. బాలింతకు మాత్రము ప్రక్కింటివారి బియ్యమే మేలైనది. ఆహార వైవిధ్యము పెరిగిన నేటి కాలమున శిశువుల బెరిబెరి మనవైపు అరుదైనదే. అయినను ఆ నాటి పథ్యపు విస్తరి మాత్రము అనేక గృహములలో ఇంకను వడ్డింపబడుచున్నది.

పాలిచ్చు తల్లికి మొదటి ఆరు నెలలు సాధారణ స్త్రీకి కావలసినదానికంటె రోజునకు 600 కిలో కేలరీలు అధికముగా కావలెనని భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించినది. అనగా ఇంచుమించు మరియొక పూట భోజనము. కందిపప్పు, మునగాకు, గ్రుడ్డు, పెరుగు, అరటిపండు, జామపండు, పెద్ద అంగడిలో దొరకు చిన్న చేపలు, ఇవన్నియు ఆమె తినవచ్చును. సొరచేప పిట్టు బాలింతకు మంచిదని గోదావరి తీరమువారును ఈ తీరమువారును ఏకగ్రీవముగా చెప్పుదురు. మాంసకృత్తులు పుష్కలముగా నుండుటచే ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాయము కొంచెము పుచ్చుకొన్నచో ఏ బాధయు లేదు. అది ఆహారమునకు బదులని తలచుటయే పొరపాటు. ప్రసవానంతరము 180 దినములు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రను దినమునకు ఒకటి చొప్పున మ్రింగవలెను. కాఫీతో గాని, సున్నపు మాత్రతో గాని కలిపి మ్రింగిన ఇనుము వంటబట్టదు.

నీటి విషయమున జరుగు నిర్బంధము ఇంతకంటె క్రూరమైనది. కడుపు పెరుగునని, గాయము చీము పట్టునని దాహమునకు నీరీయరు. వైశాఖ జ్యేష్ఠములలో ఈ సముద్రతీరపు ఉక్కకు ఆరోగ్యవంతులకే నాలుక ఎండిపోవును. కిటికీలు మూసిన గదిలో, తలకు గుడ్డ చుట్టుకొని, పాలిచ్చుచున్న స్త్రీ మాట చెప్పనేల? పాలిచ్చుటకు కూర్చుండిన ప్రతిసారి చేతికందునట్లు ఒక చెంబుడు నీరు ప్రక్కన నుంచవలెను. మంచము క్రింద కుంపటి పెట్టుట పూర్తిగా మానవలెను. మూసిన గదిలో బొగ్గులనుండి వెలువడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది నిద్రలోనే తల్లి బిడ్డల ప్రాణములు తీయగలదు. సాంబ్రాణి పొగయు పసిబిడ్డ ఊపిరితిత్తులకు హితము కాదు.

బిడ్డ పుట్టిన గంటలోపల రొమ్ము పట్టింపవలెను. పసుపువన్నెగా చిక్కగా వచ్చు ముర్రుపాలను పిండి పారబోయుట, బిడ్డకు దొరకిన మొదటి రక్షణను పారబోయుటయే. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప తేనె గాని, పంచదార నీరు గాని, వట్టి నీరు గాని పట్టరాదు. పాలు చాలవని తల్లి భయపడును; ఇంటివారు ఆ భయమును రెట్టింపు చేయుదురు. దినమునకు ఆరు మార్లకు తక్కువ కాకుండ మూత్రము పోసి, బరువు పెరుగుచున్న బిడ్డకు పాలు చాలుచున్నవన్నమాట. రొమ్ముమొన పగిలి బాధించుచున్నచో బిడ్డ మొనను మాత్రమే పట్టుచున్నదేమో చూడవలెను. చుట్టునున్న నల్లని భాగము చాలవరకు నోటిలోనికి పోవలెను. ఇది చెప్పినంత సులభముగా కుదురదు. ఆసుపత్రి నర్సును సిగ్గుపడక రెండుమార్లు, మూడుమార్లు అడుగవలెను.

కొన్ని లక్షణములు కనబడిన క్షణమున మాత్రము పెద్దల సలహాకొరకు కాచుకొనరాదు. గంటలో ఒక పెద్ద గుడ్డ పూర్తిగా తడియునంతటి రక్తస్రావము, జ్వరము, దుర్వాసనగల మైల, కన్నులు మసకబారునట్టి తలనొప్పి, మూర్ఛ, ఒక పిక్క మాత్రము వాచి నొప్పిపుట్టుట, ఊపిరాడకపోవుట, రొమ్ము ఎఱ్ఱబడి గట్టిపడి చలిజ్వరము వచ్చుట, కుట్లు చెమ్మగిల్లుట, ఇవి ఏ వేళనైనను 108 బండిని పిలువవలసినవి. ప్రసవమైన తరువాత రక్తపుపోటు హెచ్చి ఫిట్లు వచ్చుట కలదని అనేకులకు తెలియదు. తమిళము రాని ఇల్లాలు ఒంటరిగా నున్నపుడు చెప్పుకొనుటకు నాలుగు మాటలు ముందుగానే నేర్చియుండుట మంచిది: జ్వరము కాయ్చల్, తలనొప్పి తలైవలి, రక్తము రత్తమ్, ఊపిరి మూచ్చు.

బాలింత జ్వరమునకు సగము మందు చేతులు కడుగుకొనుటయే. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు తన సహచరులచేత క్లోరిను కలిపిన సున్నపు నీటితో చేతులు కడిగించి, ప్రసూతి గదిలోని మరణములను మిక్కిలి తగ్గించెను. ఆనాటి వైద్యులు పెక్కుమంది ఆయన మాటను మన్నింపలేదు. బిడ్డను ఎత్తుకొనవచ్చిన బంధువును చేతులు కడుగుకొని రమ్మనుటకు నేటికిని మన యిండ్లలో మొగమాటమే అడ్డువచ్చుచున్నది.

ఇక మనస్సు. మూడవ నాడో నాల్గవ నాడో బాలింత ఏ కారణమును లేకుండ కన్నీరు పెట్టుకొనును. పాలు పడుచున్న దినములవి, శరీరమున హార్మోనులు ఒక్కసారిగా పడిపోవును, నిద్ర ఉండదు. సగమునకు పైగా తల్లులు ఈ దశను దాటుదురు. రెండు వారములలో అది తనంతట తగ్గిపోవును. ఏడ్చినచో బిడ్డకు కీడని కసరుటకంటె, ప్రక్కన కూర్చుండి తల దువ్వుట మేలు.

రెండు వారములు దాటినను మబ్బు విడువనిచో అది వేరు విషయము. బిడ్డ నిద్రించినను తల్లికి నిద్ర పట్టదు. ఇష్టమైన కూర నోటికి పోదు. ఉయ్యాలవైపు చూచినను సంతోషము కలుగదు. కలుగలేదని తన్ను తానే నిందించుకొనును. నేను మంచి తల్లిని కాను, నేను లేకున్ననే బిడ్డకు మేలు అను తలంపులు వచ్చును. బాహ్యమునకు ఆమె అన్ని పనులు చేయుచునే యుండును. అందుచేత ఎవరును గుర్తింపరు. భారతదేశమున జరిగిన అధ్యయనములను కూడి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించిన సమీక్ష, క్రొత్త తల్లులలో నూటికి ఇంచుమించు 22 మందికి ఈ క్రుంగుబాటు కలుగుచున్నదని లెక్క కట్టినది. ఒక వీధిలో ఐదుగురు బాలింతలున్నచో అందొకరు అన్నమాట. ఇది సోమరితనము కాదు, గయ్యాళితనము కాదు, దృష్టి దోషమును కాదు. రక్తహీనతవలె ఇదియు రోగమే, చికిత్సకు లొంగునదే. వైద్యుని సలహాతో పాలిచ్చుచునే పుచ్చుకొనదగిన మందులు కలవు.

1987లో ఎడింబరోలో రూపొందిన పది ప్రశ్నల పట్టిక ఒకటి దేశదేశముల వాడుకలో నున్నది. దానిని పూర్తిచేయుటకు ఐదు నిమిషములు చాలును. ఫ్రాన్సు దేశమున 2022 నుండి ప్రసవమైన నాల్గవ వారము మొదలు ఎనిమిదవ వారము లోపల తల్లితో కూర్చుండి ఆమె మనఃస్థితిని విచారించు సంభాషణ తప్పనిసరి చేయబడినది. మన దేశమున 14416 అను సంఖ్యకు ఏ వేళ ఫోను చేసినను టెలిమానస్ సేవలో తెలుగుననే మాటలాడవచ్చును. తమిళ పట్టణమున తెలుగు తల్లికి ఇది చిన్న సదుపాయము కాదు. దుఃఖమును పరభాషలో చెప్పుకొనుట కష్టము. వెయ్యిమందిలో ఒకరిద్దరికి ప్రసవమైన మొదటి రెండు మూడు వారములలో మతి చలించి, లేనివి కనబడుట, వినబడుట, అనుమానములు కలుగుట సంభవించును. అట్టి తల్లిని బిడ్డతో ఒంటరిగా విడువక, ఆనాడే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. భూతవైద్యునికొరకు గడుపు గంటలు తిరిగి రావు.

భర్త చేయవలసిన పని యేమని ప్రశ్నింపవచ్చును. పాలిచ్చుట తప్ప తక్కినదంతయు అతడు చేయగలడు. రాత్రి రెండు గంటలకు బిడ్డను తల్లికి అందించుట, పాలు త్రాగిన తరువాత భుజముమీద వేసికొని త్రేన్పు వచ్చువరకు వీపు నిమురుట, తడిసిన గుడ్డ మార్చుట, వీనికి పురుషుని చేతులు పనికిరావని ఏ శాస్త్రమును చెప్పలేదు. రోజులో ఒక్కమారైనను బాలింతకు నాలుగు గంటలు ఏకధాటిగా నిద్ర దొరకినచో ఆమె ముఖమున తేడా మరునాడే తెలియును. శరీరము కుదుటపడిన తరువాత ఆమెను సాయంకాలము సముద్రపు ఒడ్డున గూబేర్ వీధికి తీసికొనిపోవచ్చును. సాయంకాలమైన తరువాత అచ్చట వాహనములను తిరుగనీయరు. కనుక మెల్లగా నడచుటకు అనుకూలము. శస్త్రచికిత్స యైనవారు సహితము మరునాటినుండి గదిలో నాలుగడుగులు వేయుచుండవలెను. కదలక పడియుండుటచే కాళ్లలో రక్తము గడ్డకట్టు ప్రమాదము కలదు. ఆరు వారముల వరకు నిండు బిందె, బియ్యపు మూట ఎత్తరాదు. బిడ్డకు మించిన బరువు వారికి వలదు.

ఉద్యోగము చేయు స్త్రీలకు 1961 నాటి ప్రసూతి చట్టమును 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల వరకు వేతనముతో గూడిన సెలవును 26 వారములకు పెంచిరి. మరల గర్భము ధరించుటకు కనీసము రెండు సంవత్సరములు ఎడముండవలెను. పాలిచ్చుచున్నంతకాలము గర్భము రాదని నమ్మి మోసపోయినవారు అనేకులు. ఏ సాధనము తమకు తగునో ఆసుపత్రి విడుచుటకు ముందే భార్యాభర్తలిరువురును అడిగి తెలిసికొనుట ఉత్తమము.

నవజాత శిశువుల గృహ సందర్శన కార్యక్రమము ననుసరించి ఆరోగ్య కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 దినములందు ఇంటికి వచ్చి చూడవలెను. ఆమె బిడ్డను తూచునపుడు తల్లియు ఎదుట కూర్చుండి తన బాధలు చెప్పుకొనవలెను. వంటింటిలో నుండి తొంగిచూచుట చాలదు. ఆరు వారములు నిండగానే బిడ్డకు టీకాలు వేయించు దినము వచ్చును. తల్లి రక్తపుపోటును, రక్తములోని హిమోగ్లోబినును, గాయమును పరీక్షింపవలసిన దినమును అదే. అయినను పెక్కు కుటుంబములవారు బిడ్డకు మాత్రము చీటీ వ్రాయించి, సూది వేయించి, ఏడ్పు మాన్పుచు తిరిగి వచ్చెదరు. ఆనాడు చీటీలు రెండు వ్రాయింపవలెను.

ఊరికి పోవలసిన అమ్మమ్మ 40వ నాటికి రైలు టిక్కెట్టు తీయించుకొనియుండును. దానిని రెండు మూడు దినములు వెనుకకు జరిపినచో, ఆసుపత్రి వసారాలో బల్లమీద బిడ్డను ఒడిలో నుంచుకొని ఆమె కూర్చుండును. కూతురు ఒక్కతెయే డాక్టరు గదిలోనికి పోయి, ఇంటిలో నలుగురి యెదుట అడుగలేని ప్రశ్నలను తీరికగా అడిగి రావచ్చును.